గుట్ట కింద రెండు బస్సులు

మా సుధర్మ కాలనీ సంక్షేమ సంఘానికి జరిగిన మొదటి ఎన్నికలో నన్ను ఎన్నికల అధికారిగా నియమించినప్పుడు, నా నిష్పాక్షికతే అందుకు కారణమని తాత్కాలిక అధ్యక్షులు గంగాధరరావుగారు సభాముఖంగా సెలవిచ్చారు. అసలు కారణం నేను కిరాయి ఇంట్లో ఉండటం. సొంత ఇల్లు లేనివాడికి సంఘంలో ఓటు లేదు. ఓటు లేనివాడికి పక్షం ఉండదు. పక్షం లేనివాడు నిజాయితీపరుడు. జీవితమంతా కళాశాలలో ఇంగ్లీషు బోధించిన నాకు ఈ తర్కంలోని లొసుగు కనిపించకపోలేదు గాని, గౌరవం ఇంటికి వచ్చినప్పుడు తర్కం మాట్లాడటం మర్యాద కాదని ఊరుకున్నాను.

అది 1986వ సంవత్సరం. దిల్‌సుఖ్‌నగర్ దాటి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ చౌరస్తాకు పోయే దారికి ఇరువైపులా ద్రాక్షతోటల పందిళ్లు లేచిపోయి, వాటి స్థానంలో సున్నం కొట్టిన హద్దురాళ్లు వెలుస్తున్న కాలం. మా కాలనీ స్థలం ఒకప్పుడు, ఇప్పుడు ఇక్కడే ఇల్లు కట్టుకున్న పాండురంగం కుటుంబం సాగు చేసిన భూమి. దానిని ప్లాట్లుగా కొన్నవారిలో సగం మంది కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగులు. తక్కిన సగం చుట్టుపక్కల ఊళ్లవారు. భూమి అంతా ఇళ్లయిపోయినా, పార్కు కోసం వదిలిన జాగా నడుమ ఒక పాత బావి మాత్రం మిగిలింది. పాండురంగం తల్లి సత్తెమ్మ రోజూ పొద్దున్నే వచ్చి ఆ బావి గట్టున కాసేపు కూర్చుని, లోపలికి తొంగిచూసి, నీళ్లు ఉన్నాయని రూఢి చేసుకుని వెళ్లేది.

ఎన్నిక అంతా ఆ బావి గురించే. దానిని పూడ్చి అక్కడ సమావేశ మందిరం కట్టాలని గంగాధరరావుగారి పట్టుదల. పూడ్చనిచ్చేది లేదని పాండురంగం పంతం. ఎవరు అధ్యక్షులైతే వారి మాట నెగ్గుతుంది.

గంగాధరరావుగారు రాజనీతిశాస్త్ర అధ్యాపకులుగా పదవీ విరమణ చేసినవారు. పదవి వారిని విరమించింది గాని వారు బోధనను విరమించలేదు. సాయంత్రం పార్కులో నలుగురు కనిపిస్తే చాలు, కండువా సవరించుకుని మొదలుపెట్టేవారు.

"అధికారం అంటే ఏమిటండీ? ఎదుటివాడు మామూలుగా చేయని పనిని అతనిచేత చేయించడం. అది మొదటి మెట్టు మాత్రమే. ఆ పని తనంతట తానే చేస్తున్నానని అతను అనుకోవాలి. అదీ అసలైన అధికారం!"

ఆయనకు విజయంపై ఎంత నమ్మకమంటే, మందిరానికి పెట్టవలసిన శిలాఫలకాన్ని ఎన్నికకు ముందే చెక్కించి, తమ ప్రహరీగోడకు ఆనించి, గోనెపట్టా కప్పి ఉంచారు. నల్లరాతి మీద 'అధ్యక్షులు శ్రీ గంగాధరరావు' అన్న అక్షరాలు, పట్టా చాలక, కాస్త బయటికి కనిపిస్తూ ఉండేవి.

ఒక ఉదయం బావి దగ్గరే ఇరుపక్షాలకూ వాదం వచ్చింది.

"ఈ కాలంలో మోటలెక్కడున్నాయండీ పాండురంగంగారూ? ఎద్దులెక్కడున్నాయి? రేపు ఏ పిల్లవాడైనా పడితే బాధ్యత ఎవరిది?" అన్నారు గంగాధరరావుగారు.

"చుట్టూ గోడ కడదాం సారు. పైన జాలీ ఏద్దాం. పూడ్చుడెందుకు?"

"అది మెజారిటీ నిర్ణయిస్తుంది."

"నిర్ణయించనీ. గా మెజార్టీ ఏ గల్లీల ఉందో మేం గూడ చూస్తం."

గట్టు మీద కూర్చున్న సత్తెమ్మ మెల్లగా తల తిప్పింది. "అయ్యా, గీ బాయి తవ్వినప్పుడు నేను కొత్తకోడల్ని. మట్టంత తట్టలల్ల నెత్తిన మోసిన. ఇప్పుడు పూడుస్తమంటున్నరు గద, గంత మట్టి యాడికెల్లి తెస్తరు?"

"అదంతా కాంట్రాక్టరు చూసుకుంటాడమ్మా."

"మరి మొన్న ఎండలల్ల ట్యాంకర్ రాకుంటె, మీ ఇంటికి నీళ్లు గా కాంట్రాక్టరే తెచ్చిండా?"

ఆ నీళ్లు తెచ్చింది ఇందిరాదేవిగారు, అనగా గంగాధరరావుగారి సతీమణి, ఈ బావి నుంచే. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. గంగాధరరావుగారు గడియారం చూసుకుని, వార్తల వేళయిందని వెళ్లిపోయారు. ముసలామె మాత్రం నవ్వలేదు. "నా భూమంత పోయింది. పోనీ, అమ్ముకున్నం. గిదొక్కటి ఉండనియ్యమని చెప్పు సారూ," అని నాతో అంది. ఎన్నికల అధికారిని కనుక నేను ఆకాశం వైపు చూశాను.

నామినేషన్ల రోజు గంగాధరరావుగారు అందరికన్నా ముందు వచ్చారు. ఇంగ్లీషులో టైపు చేయించిన కాగితం, ఇస్త్రీ చేసిన లాల్చీ. కాగితంలో తప్పులు లేవు. ఆ విషయంలో వారిని మెచ్చుకోవాలి.

"ఇల్లు ఎవరి పేరిట రిజిస్టరు అయిందండీ?" అని అడిగాను.

"అదేం ప్రశ్న? మా ఆవిడ పేరిట. వాళ్ల నాన్నగారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం అమ్మే కదా కొన్నాం."

"అయితే సభ్యత్వం ఆవిడది. ప్లాటు ఎవరి పేరిట ఉంటే వారే సంఘ సభ్యులు, సభ్యులే పోటీ చేయాలి, సభ్యులే ఓటు వేయాలి, సభ్యులే సభలో మాట్లాడాలి. ఈ నిబంధన తమరే రాశారు."

"కిరాయిదారులు పెత్తనానికి రాకూడదని రాశానండీ!"

"చక్కగా పనిచేసింది. నన్నూ ఆపింది, తమర్నీ ఆపింది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. అంతలో పాండురంగం స్కూటర్ ఆపి లోపలికి వచ్చి, సంగతి విని, తొడ చరుచుకుని నవ్వాడు. "సారు రాసిన కానూన్ సారునే పట్టుకున్నది!"

"మీ ఇల్లు ఎవరి పేరిట ఉంది?" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. భూపరిమితి చట్టం వస్తున్నదన్న భయంతో వాళ్ల నాయన బతికి ఉండగానే భూమిని ఇంటిల్లిపాది పేర్ల మీదికి మార్చాడు. పాండురంగం ఇల్లు కట్టింది భార్య మణెమ్మ పేరిట ఉన్న ముక్కలో. ఆ మాటకొస్తే మా కాలనీలో ఎక్కువ ఇళ్ల కథ ఇదే. కోస్తా నుంచి వచ్చినవారు పుట్టింటి పొలం అమ్మి భార్య పేరిట కొన్నారు. ఇక్కడివారు చట్టానికి భయపడి భార్య పేరిట పెట్టారు. మగవారందరూ వీధి మొదట్లో నిలబడి 'మా ఇల్లు, మా కాలనీ' అంటూ ఉంటారు గాని, కాగితాల ప్రకారం వారిలో చాలామంది నాలాగే పరాయి ఇంట్లో ఉంటున్నవారు. కిరాయి కట్టేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

ఈ పరిస్థితి నుంచి తేలే రాజకీయ ఫలితం ఆ క్షణంలోనే నాకు తోచింది. వారిద్దరికీ తోచలేదు. ఎన్నికల అధికారి సలహా ఇవ్వరాదు గనుక కాఫీ ఇచ్చి ఊరుకున్నాను.

కాఫీ పూర్తయ్యేసరికి గంగాధరరావుగారి ముఖం తేటపడింది. "అయితే ఇందిరను నిలబెడతాను. పేరు ఆవిడది, పాలన నాది."

"మేం గూడ గంతే. మా మణెమ్మ నిలబడ్తది, నేను నడిపిస్త."

అభ్యర్థి సంతకం నా ఎదుటే పెట్టాలి కనుక ఆ సాయంత్రం రెండిళ్లకూ వెళ్లాను. ఇందిరాదేవిగారు పూలమొక్కలకు నీళ్లు పోస్తూ, చేతులు తుడుచుకుని వచ్చారు.

"నేను అధ్యక్షురాలినైతే ఏం చేయాలండీ?" అని భర్తను అడిగారు.

"నువ్వేమీ చేయనక్కర్లేదు. నేను చెప్పినచోట సంతకం పెట్టు చాలు."

"మీరు చెప్పనిచోట పెట్టకూడదా?"

"ఎందుకు పెడతావు?"

"ఊరికే అడిగాను," అని ఆవిడ సంతకం చేశారు. దస్తూరి భర్తగారి దానికన్నా బాగుంది.

మణెమ్మ నడి వయసు మనిషి, మాటకు తడుముకునే రకం కాదు. పాండురంగం లోపల టెలిఫోన్‌లో ఎవరితోనో కేకలు వేస్తుండగా నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: "సారూ, గెలిసినోళ్లు ఇంట్ల మొగోళ్ల మాట ఇనాల్నా, ఆళ్ల మాటనే నడుస్తదా?"

"నిబంధన ప్రకారం అధ్యక్షురాలి మాటే నడవాలి."

"గట్లనా," అని కొంగు సర్దుకుని సంతకం చేసింది.

ప్రచారం ముమ్మరంగా సాగింది. గంగాధరరావుగారు ఏ వీధిలో ఏ జిల్లావారు ఎందరో లెక్క గట్టి, మగవారిని కూర్చోబెట్టి ఉపన్యాసాలిచ్చారు. పాండురంగం మగవారినే కూర్చోబెట్టి మక్కకంకులు కాల్పించాడు. ఓటు ఉన్నవారు వంటింట్లో నుంచి ఈ రెండు కార్యక్రమాలకూ టీ అందించారు.

రోజులు దగ్గరపడేకొద్దీ ఇద్దరికీ ఒకే భయం పట్టుకుంది: తమ ఓటర్లను అవతలివారు తిప్పుకుంటారేమో. ఆ రోజుల్లో శాసనసభ్యులను బస్సులెక్కించి దూరంగా దాచి, బలపరీక్ష వేళకు తెచ్చి దింపే శిబిర రాజకీయాల గురించి పత్రికల నిండా చదివి ఉన్నాం. గంగాధరరావుగారు దానిపై దీర్ఘంగా ఆలోచించి, పోలింగుకు ముందురోజైన శనివారం తమ పక్షపు ఆడవారినందరినీ బస్సులో తీసుకుపోయి, సాయంత్రం ప్రచారం ముగిసే వేళకు తేవాలని రహస్యంగా నిర్ణయించారు. ఎక్కడికన్న విషయంలో ఆయన నాగార్జునసాగర్ అన్నారు. ఆడవారు ఒప్పుకోలేదు. యాదగిరిగుట్ట అయితేనే వస్తామన్నారు.

పాండురంగం కూడా అంతే రహస్యంగా, అదే శనివారానికి, బస్సు మాట్లాడాడు. వాళ్ల ఆడవారూ యాదగిరిగుట్టే అన్నారు.

ఉప్పల్ దాటగానే ఒక బస్సు వెనుక ఇంకొకటి వస్తున్న సంగతి ఇద్దరు నాయకులకూ తెలిసిందట. అప్పుడు వెనుదిరిగితే దేవుడికి కోపం, ఆగితే ఆడవారికి కోపం. రెండు బస్సులూ గుట్ట కింద పక్కపక్కనే ఆగాయి. ఆడవారందరూ దిగి మెట్లెక్కారు. ఎక్కలేక ఇంట్లోనే ఉండిపోయిన సత్తెమ్మ తప్ప, కాలనీలో ఓటున్న ప్రతి ఆడమనిషీ వారిలో ఉంది. నాయకులు మాత్రం ఎక్కలేదు.

"ఏం సారు, దర్శనానికి పోతలేరా?"

"మీరు వెళ్లరా?"

"నాకు మోకాళ్ల నొప్పి."

"నాకు బి.పి."

నిజానికి ఒకరు పైకి పోతే రెండోవారు కింద తన బస్సు డ్రైవరును లోబరుచుకుని తన ఓటర్లను ఎక్కించుకుపోతారని ఇద్దరి అనుమానమూ. అందుచేత ఒకే హోటల్లో, ఒకే బల్ల మీద, ఒకరినొకరు కాపలా కాస్తూ, మిరపకాయ బజ్జీలు తిన్నారు. గంగాధరరావుగారు అధికారం అంటే ఏమిటో మళ్లీ వివరించారు. పాండురంగం ఇంకో పళ్లెం చెప్పాడు. పైన, శనివారం రద్దీలో, దర్శనం వరస కదలకుండా నిలబడిపోయింది. రెండు పక్షాల ఆడవారూ అందులో కలిసిపోయి నిలబడ్డారు. వారిని ఎవరూ కాపలా కాయలేదు.

పోటీ నుంచి తప్పుకోవడానికి గడువు ఆ సాయంత్రం ఐదింటి వరకు. బస్సులు తిరిగి వచ్చి ఆగిన కాసేపటికే మణెమ్మ నేరుగా మా వరండాలోకి వచ్చి, పులిహోర ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టింది.

"సారూ, నేను నిలబడతలేను. పేరు తీసేయండ్రి."

నేను నిర్ఘాంతపోయాను. "పాండురంగంగారికి చెప్పావా అమ్మా?"

"ఐదు కొట్టినంక చెప్త."

గడువు దాటగానే ఇందిరాదేవిగారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారని ప్రకటించాను. గంగాధరరావుగారి ఆనందం వర్ణించ శక్యం కాదు. "చూశారా శిబిరం దెబ్బ! ఒక్క ఓటు పడకుండానే ప్రత్యర్థి పక్షం కుప్పకూలింది!" అంటూ ఇంటింటికీ తామే స్వయంగా మైసూర్‌పాక్ పంచారు. పాండురంగం ఇంట్లో కేకలు మా వరండా దాకా వినిపించాయి.

"ఏందే, నన్ను అందరి ముంగట గిట్ల పరేషాన్ చేస్తివి? బాయి పాయె గద!"

"అరవకు. బజ్జీలు తిన్న కడుపు, అజీర్తి చేస్తది."

చీకటి పడుతుండగా పార్కు పక్కగా వస్తూ చూశాను. సత్తెమ్మ బావి గట్టున కూర్చుని ఉంది. ఎప్పుడూ పొద్దున వచ్చే మనిషి.

"ఇంకెన్ని దినాలుంచుతరు సారూ?" అంది, నా వైపు చూడకుండానే.

చలిగాలి మొదలైంది, ఇంటికి వెళ్లమన్నాను. ఆమె కదలలేదు. ఆ రాత్రి నా నిష్పాక్షికత నాకే రుచించలేదు.

మరునాడు ఉదయం బావి పక్కనే షామియానా వేసి మొదటి సభ జరిపారు. అధ్యక్షురాలి కుర్చీ పక్కన గంగాధరరావుగారు ఇంకో కుర్చీ వేసుకుని, ఒళ్లో మందిరం నమూనా పెట్టుకుని కూర్చున్నారు. సత్తెమ్మ దూరంగా కోడలి వైపు వీపు పెట్టుకుని కూర్చుంది.

ఇందిరాదేవిగారు లేచారు. "కార్యదర్శిగా మణెమ్మగారిని నియమిస్తున్నాను."

"ఉదారత!" అని గంగాధరరావుగారు చప్పట్లు కొట్టారు. "ప్రతిపక్షాన్ని కలుపుకుపోవడమంటే ఇదే!"

"రెండోది. బావిని పూడ్చడం లేదు. చుట్టూ గోడ కట్టి, పైన జాలీ వేయిద్దాం. మందిరం తూర్పుమూలన కట్టుకుందాం, వీలైనప్పుడు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి."

ఇరుపక్షాల ఆడవారి చేతులూ ఒక్కసారిగా లేచాయి. అన్ని గాజులు ఒకేసారి మోగడం అదివరకు నేను వినలేదు. సత్తెమ్మ గిర్రున వెనక్కి తిరిగింది.

గంగాధరరావుగారు నిలబడ్డారు. "ఇదేమిటి ఇందిరా! నేను..."

"సభ్యులు మాత్రమే మాట్లాడాలి కదండీ?" అని ఆవిడ నా వైపు చూశారు. "నిబంధన ఏం చెబుతోంది మాస్టారూ?"

నేను గొంతు సవరించుకున్నాను. "సభ్యులు కానివారు కూర్చుని వినవచ్చునమ్మా."

అందరికన్నా పెద్దగా నవ్వినవాడు పాండురంగం. సంతోషం పట్టలేక తానూ రెండు ముక్కలు మాట్లాడబోయాడు. "నువ్వు గూడ కూసో," అంది కార్యదర్శి.

సభ ముగిశాక సత్తెమ్మ కోడలి ముందుకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "రాత్రంత నిద్ర లేదు నాకు. నాకన్నా ఓ మాట చెప్పకపోతివి!"

"నీకు చెప్తె తెల్లారేసరికి మీర్‌పేట దాంక తెలుస్తుండె అత్తా."

గుట్ట మీద దర్శనం వరసలో ఏం జరిగిందో తరువాత ఇందిరాదేవిగారే నాకు చెప్పారు. బావి ఉండాలన్న విషయంలో వారి మధ్య చర్చే రాలేదట. ఎండాకాలంలో అందరూ అక్కడ తోడుకున్నవారే. ఎవరు గెలవాలన్నదే ప్రశ్న అయింది. మణెమ్మ గెలవడం సులభమే. "కానీ నేను ఓడిపోతే మా వారు కోర్టుకు వెళతారు," అన్నారట ఇందిరాదేవిగారు. "అదే నేను గెలిస్తే ఎక్కడికి వెళతారు?" ఆ మాటకు మణెమ్మ వరసలోనే పకపకా నవ్వి, "నేను తప్పుకుంట అక్కా," అందట.

"మీకు ఈ బావి మీద ఎందుకమ్మా అంత పట్టుదల?" అని అడిగాను.

"మా నాన్నగారిచ్చిన పొలం అమ్మి ఈ ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు అదెక్కడుందో చూపించమంటే చూపించలేను. సత్తెమ్మ చూపించగలదు. చూపించుకోనివ్వండి."

గంగాధరరావుగారు కోర్టుకు వెళ్లలేదు. తమ పక్షం నెగ్గిన ఎన్నిక, తమ చేతులతో మిఠాయి పంచిన ఎన్నిక చెల్లదని ఏ ముఖంతో అంటారు? కొద్ది రోజులు పార్కుకు రావడం మానేశారు. ఆ తరువాత బావి చుట్టూ గోడ లేచింది, పైన తీసి వేసుకునే తలుపుతో జాలీ పడింది. నీళ్లు తోడి బిందె దించుకోవడానికి గోడ పక్కన చదునైన రాయి ఒకటి కావలసివచ్చింది. చదునైన రాయి కాలనీలో ఒక్కటే ఉంది. అది ప్రహరీగోడకు ఆని, గోనెపట్టా కప్పుకుని ఉంది.

ఈ విషయమై భార్యాభర్తల మధ్య సుదీర్ఘమైన సంప్రదింపులు జరిగాయని విన్నాను. చివరకు రాజీ కుదిరింది. రాయి ఇస్తారు, అయితే అక్షరాలు పైకి ఉండాలి. అధ్యక్షురాలు అంగీకరించారు.

రాయి వేసిన మరునాటి పొద్దున, పనులెలా ఉన్నాయో చూడటానికన్నట్టు గంగాధరరావుగారు బావి దగ్గరికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. సత్తెమ్మ నిండు బిందెను 'అధ్యక్షులు' అన్న మాట మీద దించి, అరచేత్తో రాతిని తడిమింది.

"మంచిగుంది సారూ. నీ పేరు మీద పెడితె బిందె జర గూడ కదుల్తలేదు."

ఆమె చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, గంగాధరరావుగారి వైపు చూస్తూ ఊరికే నిలబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన అటూ ఇటూ చూసి, కండువా భుజాన సర్దుకుని, వంగి, రెండు చేతులా బిందె ఎత్తి ఆమె తలకెత్తారు.

అప్పటి నుంచి రోజూ పొద్దున ఆ వేళకు ఆయన అక్కడే ఉంటారు. తమంతట తామే వస్తున్నామని వారి అభిప్రాయం.